పార్శిళ్లు దించేటప్పుడు పెట్టె మీద పడకుండా ఎలా పని చేయాలి

"అన్నా, పైనుంచి పెట్టె జారితే పట్టుకోవాలా, పక్కకు తప్పుకోవాలా?" పార్శిల్ బండ్ల దగ్గరికి కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. చాలాసార్లు రెండింటికీ టైముండదు. పై వరసకూ మీ తలకూ మధ్య ఒక మీటరు ఎత్తుందనుకోండి. పెట్టె ఆ మీటరు దిగడానికి పట్టేది సుమారు 0.45 సెకను. కన్ను చూసి, విషయం బుర్రకెక్కి, కాలు కదిలేసరికి పెట్టె భుజం మీద ఉంటుంది. అందుకే జాగ్రత్తంతా పెట్టె కదలకముందే పడాలి. ఎక్కడ నిలబడ్డారు, ఏ పెట్టెను ముందు ముట్టుకున్నారు, వెనక దారి ఖాళీగా ఉందా అన్న మూడింటి మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

ఇక్కడ చెప్పేది ప్యాలెట్లు (సరుకు పేర్చే చెక్క పలకలు) లేకుండా నేల నుంచి కప్పు దాకా విడివిడిగా పేర్చిన పార్శిళ్లను చేత్తో దించే పని గురించి. ట్రైలరైనా, కంటైనరైనా, చిన్న వ్యానైనా పద్ధతి ఒకటే. ఫోర్క్‌లిఫ్ట్‌తో ప్యాలెట్లు దించడం వేరే పని, దాని జోలికి పోవడం లేదు.

కావలసినవి

సేఫ్టీ బూట్లు. వేళ్ల దగ్గర గట్టి తొడుగు ఉండాలి. ఐఎస్ఓ 20345 ముద్ర ఉన్న బూట్ల తొడుగును 200 జౌల్స్ దెబ్బకు పరీక్షిస్తారు. దాదాపు 20 కిలోల బరువు మీటరు ఎత్తు నుంచి పడినంత దెబ్బ అది. అయితే తొడుగు కాచేది వేళ్లనే, పాదం పైభాగాన్ని కాదు. నా ఎడమ బొటనవేలి గోరు రెండుసార్లు ఊడింది. రెండుసార్లూ "ఈ ఒక్క బండికే కదా" అని మామూలు బూట్లతో ఎక్కినప్పుడే.

హెల్మెట్. ఇక్కడ చాలామంది పొరబడతారు. మామూలు టోపీలా కనిపిస్తూ లోపల ప్లాస్టిక్ చిప్ప ఉండే బంప్ క్యాప్ మీ తల దూలానికో, పెట్టెలను మోసుకెళ్లే బెల్టు (కన్వేయర్) కమ్మీకో కొట్టుకుంటే పనికొస్తుందంతే. పైనుంచి పడే వస్తువును ఆపడానికి దాన్ని చేయలేదు. పారిశ్రామిక హెల్మెట్‌ను ఈఎన్ 397 ప్రమాణం కింద 5 కిలోల బరువును మీటరు ఎత్తు నుంచి వదిలి పరీక్షిస్తారు. మన దగ్గరికొచ్చే పెట్టెల్లో 15 కిలోలవి మామూలే. కాబట్టి హెల్మెట్ దెబ్బను తగ్గిస్తుంది, అది పెట్టుకున్నామని ఒరిగిన పెట్టెల గోడ కింద నిలబడకూడదు.

వీటితోపాటు అరచేతి వైపు రబ్బరు పూత ఉండి వేళ్లకు సరిగ్గా పట్టే గ్లవ్స్, టార్చ్ లేదా తలకు కట్టుకునే లైటు, చక్రాలకు పెట్టే దిమ్మలు, ఒక రాట్చెట్ పట్టీ (మీటతో బిగించే పట్టీ), జారని మెట్టున్న వెడల్పాటి స్టెప్ స్టూల్ కావాలి. పై వరసల నుంచి లాగడానికి కొక్కెం ఉన్న కడ్డీ ఉంటే ఇంకా మంచిది. స్టూల్ లేకపోతే బోర్లించిన పెట్టె ఎక్కకండి, కన్వేయర్ అంచు అసలే ఎక్కకండి. స్టూల్ దొరికేదాకా పై వరస ఆగుతుంది.

ఎలా చేయాలి

1. బండిని కదలకుండా చేయండి. ఇంజను ఆపారా, హ్యాండ్ బ్రేక్ వేశారా, చక్రాలకు దిమ్మలు పడ్డాయా, డాక్‌కు, అంటే బండి ఆనించి సరుకు దించే అరుగుకు, బండిని పట్టి ఉంచే లాక్ ఉంటే పట్టిందా చూడండి. తాళం చెవి డ్రైవర్ దగ్గర కాకుండా డాక్ దగ్గర ఉంటే నిశ్చింత. మీరు లోపల ఉండగా బండి ఒక్క జానెడు కదిలినా గోడంతా ఊగుతుంది.

2. తలుపును కొంచెంగా తెరవండి. నా లెక్కలో మొత్తం పనిలో ప్రమాదకరమైన క్షణం ఇదే. దారిలో బ్రేకులు పడ్డప్పుడల్లా సరుకు ముందుకు తోసుకుంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, బండి ఒక్కసారిగా ముందుకు దూకినప్పుడు వెనక్కి జారుతుంది. అలా జారిన పెట్టెలకు తలుపే గోడ. మీరు తీస్తున్నది ఆ గోడనే.

ముందు బయటినుంచే చూడండి. హ్యాండిల్ మామూలుకంటే బిగుసుకుపోయిందా? తలుపు మధ్యలో ఉబ్బిందా? కింద సందులో అట్టముక్కో టేపో బయటికి కనిపిస్తోందా? వీటిలో ఏ ఒక్కటున్నా సరుకు తలుపు మీద ఒరిగిందనే అనుకోండి.

పక్కకు తెరుచుకునే రెండు రెక్కల తలుపైతే, తాళం కడ్డీల చుట్టూ రాట్చెట్ పట్టీని కొంచెం వదులుగా చుట్టి బిగించండి. అప్పుడు హ్యాండిల్ తిప్పినా తలుపు బెత్తెడే తెరుచుకుంటుంది. కంటైనర్లకు మామూలుగా కుడి రెక్క ముందు తెరుచుకుంటుంది. ఆ రెక్క మీకూ సరుకుకూ మధ్య అడ్డంగా ఉండేలా దాని వెనక నిలబడండి, సందుకు ఎదురుగా కాదు. టార్చ్ వేసి పై నుంచి కింద దాకా చూడండి. ఏదీ తలుపుకు ఆనుకోలేదని తేలాకే పట్టీ తీయండి.

పైకి చుట్టుకునే రోలర్ తలుపైతే మోకాలి ఎత్తు దాకా లేపి ఆగండి, చూడండి. తర్వాత నడుము ఎత్తు, మళ్లీ ఆగండి. అప్పుడు మిగతాది. ఎప్పుడూ పక్కనే ఉండండి. ఈ తలుపులతో ఒక చిక్కుంది. ఆనుకున్న పెట్టె తలుపుతోపాటే పైకి లేచి, సగంలో వదిలేసి మీద పడుతుంది. తలుపు ఇరుక్కుంటే బలంగా గుంజకండి, కిందికి దించి సూపర్‌వైజర్‌ను పిలవండి. సందులో చెయ్యి పెట్టి పెట్టెను లోపలికి తోయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

సరుకు నిజంగానే ఒరిగి ఉంటే? తలుపు మూసి, పట్టీ ఉంచి, అందరినీ ఎదురుగా లేకుండా దూరం జరపండి. సూపర్‌వైజర్ వచ్చాక ఒక్కరు మాత్రమే పక్కనుంచి తెరవాలి. పడేవి పడనివ్వండి. పగిలిన పార్శిల్‌కు కాగితం రాస్తే సరిపోతుంది.

3. లోపలికి అడుగు పెట్టేముందు ఒక నిమిషం గోడను చదవండి. గుమ్మం దగ్గరే నిలబడి చూడాలి. చాలా ట్రైలర్ల పక్క గోడలకు నిలువు గీతలో బద్దలో ఉంటాయి. పెట్టెల గోడ అంచును ఆ గీతతో పోల్చండి. పైభాగం మీ వైపు వచ్చినట్టు కనిపిస్తే గోడ ఒరిగినట్టే. ఇంకా చూడాల్సినవి:

- తేలిక పెట్టెల మీద బరువైనవి కూర్చున్నాయా? కింద పెట్టె పొట్ట ఉబ్బిందా?
- ఎక్కడైనా తడి ఉందా? తడిసిన అట్టపెట్టెకు బలం పోతుంది. కింద వరసలో ఒక్క తడి పెట్టె కుంగితే పైనున్న దొంతరంతా దిగుతుంది.
- పెట్టెలు ఇటుకల కట్టులా ఒకదాని కీలు మీద ఇంకొకటి కూర్చున్నాయా, లేక నిలువునా స్తంభాల్లా ఉన్నాయా? స్తంభం ఒంటరిగా కూలుతుంది.
- కప్పు దగ్గర గొట్టాలు, చుట్టిన తివాచీలు, సంచులు దూర్చారా? ఇవి చెప్పాపెట్టకుండా జారతాయి.

సరుకుకు అడ్డంగా కడ్డీ గానీ వల గానీ ఉంటే దాని మీద ఎంత బరువు ఆనిందో చూశాకే వదలండి. పక్క గోడ దగ్గర నిలబడి ఒక్కో చివరే వదులు చేయాలి. ఎదురుగా నిలబడి విప్పితే మొదటి దెబ్బ కడ్డీదే, తర్వాత పెట్టెలవి.

4. మీ చోటు, మీ దారి తేల్చుకోండి. ఒక పెట్టె జారితే దగ్గరలోనే పడుతుంది. గోడ మొత్తంగా వాలితే మాత్రం దాదాపు తన ఎత్తంత దూరం వస్తుంది. 2.5 మీటర్ల గోడైతే 2.5 మీటర్లు. కాబట్టి చేతిలో పని లేనప్పుడు, స్కానర్ సరిచేసుకునేటప్పుడు, నీళ్లు తాగేటప్పుడు ఆ దూరం అవతల ఉండండి. పని చేసేటప్పుడు వెనక కనీసం రెండు అడుగుల నేల ఖాళీగా ఉండాలి. కన్వేయర్ చివరకూ ట్రైలర్ పక్క గోడకూ మధ్య ఇరుక్కునేలా నిలబడవద్దు. పెట్టె నుంచి తప్పించుకోబోయి వెనకున్న ఇంకో పెట్టె తట్టుకుని పడ్డవాళ్లను చాలామందినే చూశాను.

5. మూల నుంచి మెట్లు కట్టినట్టు దించండి. అసలు పని ఇది. పక్క గోడ ఆనుకున్న ఒక మూల ఎంచుకోండి. ఆ మూలలో పై వరస నుంచి రెండు మూడు పెట్టెల వెడల్పున భుజం ఎత్తు దాకా దించండి. తర్వాత పక్కకు జరిగి అదే చేయండి. పై వరసలన్నీ భుజం ఎత్తుకు వచ్చాకే కిందవి ముట్టుకోండి. గుమ్మం నుంచి చూస్తే గోడ మీ వైపు దిగే మెట్లలా కనిపించాలి. నడుము దగ్గర గుంత పడి, పైభాగం గొడుగులా ముందుకొస్తే తప్పు చేస్తున్నట్టే.

ఒక్కో పెట్టె తీసే తీరు ఇది. ముందు అరచేత్తో మెల్లగా లోపలికి నొక్కండి. పక్కదో పైదో కదిలితే అవి దీని మీద ఆధారపడ్డాయి, ముందు వాటిని తీయాలి. కదలకపోతే పెట్టెను బెత్తెడు ముందుకు లాగి ఆగండి. వెనక వరస పెట్టె దీన్ని ఆనుకుని ఉందా చూడండి. ముందు పెట్టె పోగానే వెనకది తల వంచుతుంది. దాన్ని చూశాకే పూర్తిగా తీయండి.

తర్వాత ఒక అలవాటు. వంగేముందు పైకి చూడండి. నేను చూసిన తలదెబ్బల్లో ఎక్కువ పెట్టె లాగుతుండగా తగిలినవి కావు. లాగిన పెట్టెను కన్వేయర్ మీదో నేల మీదో పెట్టడానికి వంగినప్పుడు, పైన ఆసరా పోయిన రెండోది వచ్చి మెడ మీద పడ్డవి. నాతో పనిచేసిన ఒకతను అలాగే చిన్న పెట్టె దెబ్బకు రెండు వారాలు మెడ తిప్పలేకపోయాడు. అర సెకను పైకి చూస్తే చాలు.

6. భుజం కంటే ఎత్తున ఉన్నవాటికి స్టూల్ గానీ కొక్కెం కడ్డీ గానీ వాడండి. వేలికొసలతో అంచు పట్టి లాగితే పెట్టె ముఖం మీదికే వస్తుంది. కడ్డీతో లాగేటప్పుడు పెట్టెకు ఎదురుగా కాకుండా పక్కకు నిలబడి, మీరు కట్టిన మెట్ల మీదికి జారేలా లాగండి. బరువు తెలియకపోతే వేలితో తోసి చూడండి. కదలకపోతే ఇద్దరు పట్టాల్సిందే. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నయోష్ లెక్క ప్రకారం అన్నీ అనుకూలంగా ఉండి, బరువు ఒంటికి దగ్గరగా నడుము ఎత్తులో ఉన్నప్పుడు కూడా పరిమితి 23 కిలోలు. చేతులు పైకి చాపితే ఆ అంకె బాగా తగ్గిపోతుంది.

7. ఇద్దరుంటే ఒకే ఎత్తులో పని చేయండి. ఒకరు పైనుంచి లాగుతుంటే రెండోవారు కింద వంగి ఉండకూడదు. ఒక కేక మాట ముందే అనుకోండి. మేం "పడుతోంది" అనేవాళ్లం. ఆ మాట వినపడగానే పైకి చూడకుండా వెనక్కి అడుగేయాలి. చెవుల్లో పాటలు పెట్టుకున్నవాళ్లతో జంట కట్టకండి.

8. పెట్టె జారడం మొదలైతే పట్టుకోకండి. ముందు కాలు కదలాలి. చేతులు ఒంటికి దగ్గరగా, గడ్డం ఛాతీకి దించి, ఏటవాలుగా పక్కకు వెనక్కి అడుగేయండి. చేయి చాపి పట్టబోతే భుజం కండరం, వేళ్లు పోతాయి. కాలు అడ్డం పెట్టి ఆపబోతే పాదం పోతుంది. లోపల ఏముందో తెలియని అట్టపెట్టెను చేతులడ్డం పెట్టి కాపాడే బాధ్యత మీకెవరూ ఇవ్వలేదు.

9. కన్వేయర్ మీద పెట్టెలు గుట్టపడితే ముందు స్టాప్ బటన్ నొక్కండి, తర్వాతే చెయ్యి పెట్టండి. ఎత్తున్న బెల్టు కింద నుంచి నడవకండి. పక్కకు దొర్లే పెట్టెలకు అదే దారి.

ఎక్కువగా జరిగే తప్పులు

కింద పెట్టెను లాగి గోడను కూల్చేయడం. "టార్గెట్ ఉందన్నా, కూలిస్తే త్వరగా అవుతుంది" అంటారు. కూల్చాక ప్రతి పెట్టె కోసం నేల దాకా వంగాలి, చిరిగినవాటిని ఏరాలి, లేబుల్ తిరగబడ్డవాటిని తిప్పాలి. ఒక బండిని కూల్చి, ఇంకో బండిని మెట్లు కట్టి దించి, రెండింటికీ మీరే టైము చూసుకోండి. గడియారమే చెబుతుంది. నడుము ఎలాగూ చెబుతుంది.

పెట్టెల మీదికి ఎక్కడం. అట్ట మీ బరువుకు కుంగుతుంది. మీరు పడతారు, మీతోపాటు గోడా పడుతుంది.

జారిన పెట్టెను మళ్లీ పైన పెట్టడం. ఒకసారి జారింది మళ్లీ జారుతుంది. కన్వేయర్ ఎక్కించేయండి.

గుమ్మంలో నిలబడి లెక్కలు చూసుకోవడం. ఇది ఎక్కువగా సూపర్‌వైజర్ల అలవాటు. దించేవాళ్ల వెనక దారికి అడ్డం వాళ్లే.

విరామం తర్వాత నేరుగా పనిలోకి దిగడం. మీరు టీకి వెళ్లినప్పుడు గోడ మెల్లగా కుంగుతూనే ఉంటుంది. వచ్చాక పైన 3వ అంశంలో చెప్పినట్టు గోడను మళ్లీ చదవాలి.

సరిగ్గా చేస్తున్నారో లేదో ఎలా తెలుస్తుంది

బండి సగం ఖాళీ అయ్యాక గుమ్మం దగ్గర నుంచి గోడను ఫోటో తీయండి. మెట్లు కనిపిస్తే సరే. నిలువు గోడో, ముందుకొచ్చిన పైకప్పో కనిపిస్తే ఆపి సరిచేయండి.

మీరు తీయకుండా తనంతట తాను పడ్డ ప్రతి పెట్టెకూ డాక్ గోడ మీద సుద్దతో ఒక గీత పెట్టండి. ఎవరికీ తగలకపోయినా గీత పెట్టాలి. వారం చూస్తే ఏ దారి నుంచి వచ్చే బండిలో గీతలు ఎక్కువో తెలుస్తుంది. ఆ బండి నింపేచోటికి ఫోటోలు పంపమని సూపర్‌వైజర్‌ను అడగండి. బరువైనవి కింద పెట్టమని మనం మాటల్లో చెబితే వినరు, ఒరిగిన గోడ ఫోటో చూపిస్తే కొందరైనా వింటారు.

ఇంటికెళ్లాక మీ ముంజేతులు చూసుకోండి. మోచేతి కింద కొత్త కమిలిన మచ్చలుంటే మీరింకా పెట్టెలను పట్టుకుంటున్నారు.

అయినా దెబ్బ తగిలితే

తలకు తగిలితే పని ఆపి కూర్చోండి, ఒంటరిగా ఉండకండి. స్పృహ తప్పినా, వాంతులైనా, తలనొప్పి పెరుగుతున్నా, మాట తడబడినా, మత్తుగా ఉన్నా, కంటిపాపల సైజు తేడాగా కనిపించినా, ఫిట్స్ వచ్చినా, ముక్కు నుంచో చెవి నుంచో నీళ్లలాంటి ద్రవం గానీ రక్తం గానీ వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ఏ లక్షణం లేకపోయినా వెళ్లాలి. మిగతావాళ్లను కూడా కనీసం 24 గంటలు ఇంట్లో ఒకరు గమనిస్తూ ఉండాలి. ఆ రోజు బండి నడపవద్దు.

మెడ నొప్పి ఉన్నా, చేతులు కాళ్లు తిమ్మిరిగా ఉన్నా పడ్డవాళ్లను లేపి కూర్చోబెట్టకండి. పక్కన పెట్టెలు ఇంకా జారేలా ఉంటే తప్ప కదపకుండా అంబులెన్స్ పిలవండి. అందరూ ముందు చేసే తప్పు చంకల్లో చేతులేసి లేపడమే.

వేలు నలిగితే ఉంగరం వెంటనే తీసేయండి, వాపు వచ్చాక రాదు. గుడ్డలో చుట్టిన ఐసు 15 నుంచి 20 నిమిషాలు పెట్టండి. ఐసును నేరుగా చర్మానికి ఆనించకండి. పాదం మీద పడి, అడుగేస్తే బరువు ఆనలేకపోతే ఎక్స్‌రే తీయించాలి. ఇంకా లోపలే ఉంటే బూటు విప్పేముందు ఒక్కసారి పైకి చూసి, గోడకు దూరంగా జరగండి. దెబ్బ తగిలినవారి మీదే రెండో పెట్టె పడటం నేను చూశాను.

ఏమీ కాలేదనిపించినా అదే రోజు కాగితం మీద రాయించండి. తేదీ, టైము, బండి నంబరు, ఏ వరస నుంచి పడింది, ఎక్కడ తగిలింది, ఎవరు చూశారు అన్నవి ఉండాలి. మెడ, నడుము నొప్పులు చాలాసార్లు మర్నాడు లేచాకే బయటపడతాయి. అప్పుడు "నిన్న చెప్పలేదే" అంటారు. రాసిన కాగితాన్ని ఇచ్చేముందు ఫోటో తీసి మీ ఫోన్‌లో ఉంచుకోండి.